చిల్లూ - మాసికా

మా బంధుకోటిలో నా ఉద్యోగం ఏమిటో సరిగా తెలిసినవారు ఒక్కరూ లేరు. ఇంజనీరన్నాక ఆనకట్ట కట్టాలి, వంతెన కట్టాలి, అధమపక్షం రోడ్డయినా వెయ్యాలి. నేను అవేవీ చెయ్యలేదు. 1981 మొదలు 2015 దాకా, ముప్ఫై నాలుగేళ్ళపాటు, ఇనప పీపాలకు పెట్టే చిల్లుల చుట్టూ ఎంత దళసరి మాసిక వెయ్యాలో లెక్కకట్టి జీతం పుచ్చుకున్నాను. పెళ్ళిళ్ళలో పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దాయన ఎవరైనా, "ఏం చేస్తుంటావు నాయనా?" అని అడిగితే యథాతథంగా ఇదే చెప్పేవాణ్ణి. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "అలాగా, మంచిదే" అని, పులుసు వడ్డించేవాడి కోసం అటు తిరిగేవారు.

మా మామగారు మాత్రం అలా వదలలేదు. పెళ్ళిచూపులనాడు అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అది సరేగాని బాబూ, చిల్లు పెట్టడమెందుకు, మళ్ళీ దానికి మాసిక వెయ్యడమెందుకు? అసలు చిల్లే పెట్టకుండా వుంటే సరిపోదూ?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా వృత్తి మొత్తానికి మూలప్రశ్న అదే మరి.

చిల్లు లేని పాత్ర ఎందుకు పనికొస్తుంది చెప్పండి? మన వంటింట్లోనే చూడండి. ప్రెషర్ కుక్కరుంది. అందులో వత్తిడి బయటి గాలికన్నా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున ఎక్కువ. వినడానికి ఎంతో లేదు. కాని మూత ఇరవై సెంటీమీటర్ల వెడల్పుందనుకుంటే మొత్తంమీద మూడువందల కిలోల పైచిలుకు బలం దాన్ని పైకి తోస్తున్నదన్నమాట. నూరు కిలోల బియ్యం బస్తాలు మూడు తలకిందులుగా మూతమీద కూర్చున్నట్టు! అయినా దానికీ ఒక బెజ్జం వుండాలి, లేకపోతే ఆవిరి పోయే దారేది? గాస్ సిలిండరు సంగతీ అంతే. పైన వాల్వు కూర్చునే చోట వేరే దళసరి ముక్క ఒకటి అతికి వుంటుంది. అది అందం కోసం పెట్టింది కాదు. ఇక రిఫైనరీల్లోను, ఎరువుల కర్మాగారాల్లోను వుండే పాత్రలకు లోపలికి వచ్చే గొట్టం ఒకటి, బయటికి పోయే గొట్టం ఒకటి, వత్తిడి కొలిచే గడియారానికొకటి, ప్రమాదం వస్తే తెరుచుకునే వాల్వుకొకటి, మనిషి దిగి శుభ్రం చెయ్యడానికొకటి, ఇలా ఒక్కొక్క దానికి పదులకొద్దీ చిల్లులు. ఆ చిల్లు దగ్గర అతికే పొట్టి గొట్టాన్ని మావాళ్ళు నాజిల్ అంటారు.

చిల్లు పడితే ఏమవుతుంది? ఇనుము పోయినంత మేర బలం తగ్గుతుంది, అంతే గదా అనిపిస్తుంది. అంతే అయితే నాకు ఉద్యోగమే వుండేది కాదు. మీరు కాలవ వంతెనమీద నిలబడి కిందికి ఎప్పుడైనా చూశారా? నిదానంగా వస్తున్న నీరు స్తంభం దగ్గరకు వచ్చేసరికి రెండుపక్కలకూ చీలి, ఇరుక్కుని, అక్కడ మాత్రం వడివడిగా పరుగెత్తుతుంది. లాగి పట్టిన రేకులో బలం కూడా అలాగే ప్రవహిస్తుంది. మధ్యలో చిల్లు అడ్డం వస్తే దాన్ని దాటలేక పక్కలకు జరిగి, అంచు దగ్గర ఒత్తుకుంటుంది. ఎంత ఒత్తుకుంటుందన్నది 1898లో కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు లెక్క తేల్చాడు. ఒకవైపుకు లాగిన వెడల్పాటి రేకులో గుండ్రటి చిల్లు పెడితే దాని అంచున ఒత్తిడి సరిగ్గా మూడు రెట్లవుతుంది. చిత్రమేమిటంటే, గుండుసూదంత చిల్లు అయినా మూడు రెట్లే, తాంబాళమంత చిల్లు అయినా మూడు రెట్లే. ఈ మాట మొదటిసారి క్లాసులో విన్నప్పుడు నేను నమ్మలేదు. రుజువు చూశాక కూడా కొంతకాలం నమ్మలేదు.

అయితే మా పాత్రలు బల్లపరుపు రేకులు కావు, పీపాలు. పీపా లోపల వత్తిడి పెడితే చుట్టుకొలత వెంబడి లాగే బలం, పొడుగు వెంబడి లాగే బలానికి రెట్టింపు వుంటుంది. అందుకే పగిలిన నీటి గొట్టం నిలువునా చీలుతుందిగాని, నడుము దగ్గర అడ్డంగా తెగదు. నూనెలో పేలిన మిరపకాయ కూడా నిలువునానే చీలుతుంది, దాని సంగతిలో ఈనెల పాత్ర కూడా వుంటుందనుకోండి. ఇలా రెండువైపులా లాగుతున్నప్పుడు ఒక బలం రెండోదానికి కాస్త సాయపడుతుంది. అందువల్ల పీపాకు పెట్టిన చిల్లు దగ్గర మూడు రెట్లకు బదులు రెండున్నర రెట్లు, బంతిలాంటి పాత్రకైతే రెండు రెట్లు.

పాత బాయిలర్లకు మనిషి దూరే కంత గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో, పీపాకు అడ్డంగా పొడుగై వుండేది. మూత లోపలినుంచి తిప్పి పెట్టడానికి వీలుగా అలా చేశారని మేస్త్రీలు చెబుతారు. అది నిజమే. కాని పొడుగు వెడల్పుకు రెట్టింపు వుండేటట్టు ఆ కంతను అడ్డంగా కోస్తే అంచు చుట్టూ ఎక్కడ చూసినా ఒత్తిడి ఒకటిన్నర రెట్లే వుంటుంది, ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా కాదు. అదే కంతను నిలువునా కోశారో, ఆ లెక్క అడగకండి.

ఇదంతా పెళ్ళయిన కొత్తలో మా ఆవిడకు చెప్పే ప్రయత్నం చేశాను. ఆవిడ చొక్కాకు కాజాలు కుడుతోంది. తల ఎత్తకుండానే విని, "ఇందులో అంత చదువు ఏముందండీ? గుడ్డ కత్తిరించాక ఊరుకుంటే మొదటి ఉతుక్కే చిరుగుతుంది. అందుకే చుట్టూ దగ్గర దగ్గరగా దారం వేస్తాం" అన్నది. "ఎంత దారం వెయ్యాలి?" అన్నాను పరీక్షగా. "పోయినంత" అన్నది. "ఎక్కడ వెయ్యాలి?" అంటే, "చిల్లు దగ్గరే. భుజంమీద వేస్తే ఏం లాభం?" అన్నది.

ఆ మూడు ముక్కలూ మా శాస్త్రంలో సగం. పోయినంత లోహాన్ని మళ్ళీ చిల్లు చుట్టూ పెట్టాలి, దగ్గరలోనే పెట్టాలి. ఎందుకు దగ్గరలో అంటే, అంచున మూడు రెట్లున్న ఒత్తిడి, అంచునుంచి చిల్లు వ్యాసంలో సగం దూరం జరిగేసరికి ఒకటింబావు రెట్లకన్నా తగ్గిపోతుంది. దూరంగా పెట్టిన ఇనుము చోద్యం చూస్తూ కూర్చుంటుంది, పనిలోకి రాదు.

ఒక లెక్క చూడండి, ఒక్కటే. 200 మిల్లీమీటర్ల చిల్లు. పాత్ర గోడ 10 మిల్లీమీటర్లుంటే వత్తిడికి ఆగుతుంది. కనుక కోసిపారేసింది 200 ఇంటూ 10, అంటే 2000 చదరపు మిల్లీమీటర్లు. కాని గోడ నిజానికి 12 వేశారు. ఆ అదనపు 2 చిల్లుకు అటూ ఇటూ నూరేసి మిల్లీమీటర్ల మేర లెక్కకు వస్తుంది, అది 400. నాజిల్ గొట్టం 8 మందం, వత్తిడికి దానికి 2 చాలు. మిగిలిన 6, గోడకు పైన 20 మిల్లీమీటర్ల ఎత్తువరకు రెండుపక్కలా కలిపి 240. ఇంకా 1360 బాకీ. 10 మిల్లీమీటర్ల పలకను వాషరులాగా కోసి, గొట్టం చుట్టూ 68 మిల్లీమీటర్ల వెడల్పున అతికితే బాకీ తీరుతుంది. ఆ పలకే మా మాసిక. దాన్ని ప్యాడ్ అంటాం. ఈ పద్దు నేను ఎన్ని వేలసార్లు వేసి వుంటానో నాకే తెలియదు. మా ఆవిడ పాలవాడి పద్దు ఎలా వేసేదో నేను ఇదీ అలాగే వేసేవాణ్ణి.

"అయితే ఇంకా లావుగా వేస్తే ఇంకా మంచిదిగా?" అని మీరు అనవచ్చు. మా కొత్త కుర్రాళ్ళందరూ అనేవారు. మెత్తటి పంచెకు గోనెగుడ్డ మాసిక వేసి చూడండి. మాసిక చెక్కుచెదరదు, దాని అంచు వెంబడి పంచె చిరుగుతుంది. వేడెక్కుతూ చల్లారుతూ వుండే పాత్రల్లో ఇది మరీ ఇబ్బంది. ప్యాడ్‌కూ గోడకూ మధ్య వెంట్రుకవాసి సందు వుంటుంది, వేడి సరిగా దాటదు. లోపలి గోడ సాగుతుంది, పైది సాగదు. మధ్యన వెల్డింగుకు ప్రాణం మీదికి వస్తుంది. అటువంటి చోట్ల మాసిక పద్ధతే మానేసి, మొదలు లావుగా వుండే నాజిల్‌ను ఒకే ముక్కగా సాగగొట్టి తయారుచేస్తారు. ఖర్చు ఎక్కువ. కొనేవారి ముఖం చిన్నబోతుంది.

ఈ నియమాలు ఎవరో కుర్చీలో కూర్చుని తీరుబడిగా రాసినవి కావు. 1905 మార్చి 20న అమెరికాలో బ్రాక్టన్ అనే ఊళ్ళో ఒక జోళ్ళ కర్మాగారం బాయిలరు పేలి 58 మంది పోయారు. ఆ రాష్ట్రం చట్టం చేసింది. దాని వెనకనే అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం 1914 నాటి బాయిలరు నిబంధనల పుస్తకం తెచ్చింది. మన దేశంలో బాయిలర్ల చట్టం 1923లోను, నిప్పు తగలని వత్తిడి పాత్రలకు ఐ.ఎస్. 2825 అనే ప్రమాణం 1969లోను వచ్చాయి. నా బల్లమీద ఈ రెండు దేశాల పుస్తకాలూ పక్కపక్కన వుండేవి. పుటల అంచులు నల్లబడిపోయి, మా నాన్నగారి భాగవతంలాగా.

ఆకాశంలో ఎగిరే ప్రెషర్ వెసెల్ ఒకటుంది, విమానం. పైన గాలి పల్చన కనుక లోపల వత్తిడి పెట్టాలి. కిటికీలంటే చిల్లులే. మొట్టమొదటి జెట్ ప్రయాణికుల విమానం బ్రిటిషువారి కామెట్. 1954 జనవరి 10న ఒకటి ఎల్బా దీవి దగ్గర, ఏప్రిల్ 8న మరొకటి నేపుల్స్ దగ్గర గాలిలోనే ముక్కలై సముద్రంలో పడ్డాయి. కారణం తెలియక అదే రకం విమానాన్ని మరొకదాన్ని ఫార్న్‌బరోలో పెద్ద నీళ్ళ తొట్టెలో పెట్టి, లోపలా బయటా నీరు నింపి, ఎక్కినట్టూ దిగినట్టూ వత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పోయారు. అంతకుముందు నిజంగా ఎగిరినవీ ఇవీ కలిపి 3057 సార్లయ్యేసరికి శరీరం ఒక చిల్లు మూలనుంచి చీలింది. గాలికి బదులు నీళ్ళెందుకంటే, నీరు నొక్కుకోదు. చీలిన మరుక్షణం వత్తిడి పోతుంది, పేలదు. చీలిక ఎక్కడ మొదలైందో కళ్ళారా చూడవచ్చు. మేమూ పాత్రలను నీటితోనే పరీక్షిస్తాం, ఇదే కారణంగా.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్యాడ్‌లో మేము కావాలని ఒక చిన్న బెజ్జం పెడతాం. పావలాబిళ్ళ కన్నా చిన్నది, 11 మిల్లీమీటర్లు మించకూడదు. బయటి దేశంవారు దాన్ని టెల్‌టేల్ హోల్ అంటారు. చాడీలు చెప్పేవాణ్ణి వాళ్ళు టెల్‌టేల్ అంటారు కాబట్టి మా షాపులో ఒక రసికుడు దాన్ని 'చాడీల బెజ్జం' అనేవాడు. గోడకూ నాజిల్‌కూ మధ్యనున్న లోపలి వెల్డింగు ప్యాడ్ కింద కప్పడిపోతుంది, కంటికి కనపడదు. అది కారితే ఈ బెజ్జంలోంచి బొట్టు బయటికి వస్తుంది. పరీక్షకు ముందు ఈ బెజ్జంలోంచే కాస్త గాలి పంపి, వెల్డింగులమీద సబ్బునీరు రాసి బుడగలొస్తాయేమో చూస్తారు. అంతే దాని ఉద్యోగం. కాని కన్నం కనపడితే మూసెయ్యాలనిపించడం మనుషుల సహజగుణం కాబోలు.

1994లో నేను పనిచేసే చోట, పేరెందుకు లెండి, ఎరువుల కర్మాగారానికి పంపవలసిన అమోనియా పాత్ర ఒకటి సిద్ధమైంది. నీటి పరీక్ష అయిపోయింది, కాగితాలమీద సంతకాలైపోయాయి, రంగు వేస్తున్నారు. గేటు దగ్గర ట్రెయిలరు వచ్చి నిలబడింది. మా షాపులో ఒక పెద్ద మేస్త్రి వుండేవాడు. విజయనగరం వైపు మనిషి. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద, నాకన్నా నాలుగు రెట్లు తెలిసినవాడు, నన్ను మాత్రం 'బాబూ' అనేవాడు. ఆ సాయంకాలం నా గదికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"బాబూ, బి-రెండు నాజిల్ ప్యాడ్‌కి బెజ్జం నేదు."

"గీతలో వుందే మేస్త్రీ."

"గీతలో వుంది బాబూ. నా సేత్తోనే వేసేను. ఇప్పుడు నేదు. ఎవులో వెల్డింగు పెట్టి నున్నగా రుద్దీసినారు."

వెళ్ళి చూశాను. మహా నున్నగా రుద్దారు, చేత్తో తడిమితే తెలియదు. ఎవరు చేశారంటే ఎవరూ కాదు. రంగు మచ్చగా కనపడుతుందని రాత్రి షిఫ్టులో ఎవరో చేసివుంటారన్నారు. ఎప్పుడు చేశారన్నదే ముఖ్యం. నీటి పరీక్ష తరవాత మూసివుంటే కొంత నయం. అంతకుముందే మూసివుంటే ఆ పరీక్షకు అర్థమే లేదు, బొట్టు బయటికి రావలసిన దారినే మూశారు గదా. గాలి పరీక్ష జరిగినట్టు కాగితం మాత్రం వుంది. కాగితం ఏదైనా చెబుతుంది.

పైఅధికారికి ఫోను చేశాను. ఆయన చెడ్డవాడు కాదు, కాని ఆ రోజు ఆయన మెడమీద మరొకరు కూర్చుని వున్నారు. "నీటి పరీక్ష నెగ్గిన పాత్ర అది. బెజ్జం మళ్ళీ వెయ్యండి, రంగు పూయండి, పంపండి. తక్కిన పరీక్షలంటూ మొదలెట్టవద్దు" అన్నారు. మేస్త్రి అప్పటికే డ్రిల్లు తెప్పించాడు. బిట్టు అవతలికి దిగిందో లేదో, బెజ్జంలోంచి నీరు కారింది. చుక్క కాదు, సన్నటి ధార. ఎర్రటి తుప్పునీరు. కాసేపు కారి ఆగిపోయింది.

ఎవరికీ ఏమీ విడమరిచి చెప్పవలసిన పని లేకపోయింది. ఆ నీరు పరీక్షనాటి నీరు. పాత్ర లోపలినుంచి వెల్డింగు దాటి ప్యాడ్ కిందికి చేరి, దారిలేక అక్కడే వుండిపోయింది. కొన్నాళ్ళకు నీటి స్థానంలో అమోనియా చేరేది. దాని సంగతి మనుషులకు తెలిసేనాటికి బయటి వెల్డింగు కూడా పగిలి వుండేది.

మేస్త్రి టార్చిలైటు పట్టుకుని మనిషి కంతలోంచి పాత్రలోకి దిగాడు. వెల్డింగు చేసినవాడి నంబరు పక్కన ముద్ర కొట్టి వుంటుంది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి మసి చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నంబరు చెప్పాడు. అది ఆయన తమ్ముడి కొడుకు నంబరు. తండ్రి చిన్నప్పుడే పోతే పెంచి, పని నేర్పి, ఆ ఏడే పరీక్ష ఇప్పించి చేర్పించాడు. "రాయండి బాబూ" అన్నాడు. నేను రాశాను.

ఆ రాత్రి మా ఆవిడకు చెబితే, "పాపం, ఆయన చెప్పకుండా వుంటే ఎవరికి తెలిసేదండీ?" అన్నది. మరి కాసేపటికి తనే, "వాళ్ళింట్లో ఇవాళ ఎవరైనా అన్నం తిన్నారో లేదో" అన్నది. ప్యాడ్ కోసి తీసి, వెల్డింగు చెక్కి మళ్ళీ పోసి, వేడిమి పెట్టి చల్లార్చి, మళ్ళీ నీటి పరీక్ష చేసేసరికి తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిది రోజులూ ట్రెయిలరు గేటు దగ్గరే వుంది, దాని డ్రైవరు మా క్యాంటీనులోనే భోంచేశాడు. కుర్రవాడి అర్హతపత్రం రద్దయింది. మూడు నెలలు గ్రైండింగు చేసి మళ్ళీ పరీక్షకు కూర్చుని నెగ్గాడు. ఆ మూడు నెలలూ పెదనాన్నతో మాట్లాడలేదని విన్నాను. గాలి పరీక్ష కాగితంమీద సంతకం చేసినవారికి ఏమీ కాలేదు.

మా రోజుల్లో ఇంకొక చిక్కుండేది. వత్తిడి ఒక్కటే అయితే కాజా లెక్కతో సరిపోతుంది. కాని నాజిల్‌కు తగిలించిన గొట్టం ఊరికే వుండదు. వేడెక్కితే సాగుతుంది. ఇరవై మీటర్ల ఉక్కు గొట్టం రెండువందల డిగ్రీలు వేడెక్కితే దాదాపు యాభై మిల్లీమీటర్లు పెరుగుతుంది. బెత్తెడు తక్కువే అయినా, పెరగడానికి చోటు లేకపోతే ఆ బలమంతా నాజిల్‌ను తోస్తుంది, వంచుతుంది. ఈ తోపులకు గోడలో ఎంత ఒత్తిడి పుడుతుందో కార్నెల్ విశ్వవిద్యాలయంలో బైలార్డ్ అనే ప్రొఫెసరు లెక్కలు కట్టాడు. వాటి ఆధారంగా 1965లో డబ్ల్యు.ఆర్.సి. 107 అనే చిన్న పుస్తకం వచ్చింది. నిండా వంకర గీతలు. ఒక్కొక్క నాజిల్‌కు పదిపన్నెండు పటాల్లో వేలు పెట్టి అంకెలు చదువుకోవాలి. నా కళ్ళజోడు నంబరు పెరగడానికి ఆ పుస్తకమే కారణమని మా ఆవిడ నేటికీ అంటుంది.

ఇప్పుడు ఆ బాధ లేదు. మా అమ్మాయి పూనాలో ఇదే పని చేస్తోంది. నేను చెప్పి చేర్పించింది కాదు, వద్దన్నా చేరింది. వాళ్ళ కంప్యూటరు నాజిల్‌ను లక్ష ముక్కలుగా విడగొట్టి, ఒత్తిడి తక్కువున్న చోట నీలం, ఎక్కువున్న చోట ఎరుపు, రంగుల్లో చూపిస్తుంది. బాగానే వుంటుంది, దీపావళి మతాబులాగా. కాని దానికీ ఒక మాయ వుంది. పదునైన మూల దగ్గర ముక్కలు ఎంత చిన్నవి చేస్తే అంకె అంత పెరుగుతూ పోతుంది, అంతుండదు. అందుకని ఆ ఎరుపును చూసి బెదిరిపోకుండా, గోడ మందం పొడుగునా ఒత్తిడి ఎలా వుందో తీసి, సాగదీసేది ఎంత, వంచేది ఎంత అని విడదీసి చూడాలి. వత్తిడి వల్ల పుట్టేది ఒక రకం. అది అప్పులవాడిలాంటిది, గోడ ఎంత లొంగినా వదలదు. గొట్టం పెరిగి తోసేది చాలావరకు రెండో రకం. కొత్త చెప్పులు కరిచినట్టు మొదట కరుస్తుంది, తోలు కాస్త సాగగానే ఊరుకుంటుంది. అందుకని దానికి హద్దు కొంచెం పెద్దది ఇచ్చారు. ఆ హద్దు కూడా దాటితే ఇక చెప్పు సర్దుకోవడం వుండదు, వేడెక్కిన ప్రతిసారీ చల్లారిన ప్రతిసారీ లోహం కొంచెం కొంచెం నలుగుతూ, ఒకనాడు పగులుతుంది.

2023లో ఒక రాత్రి పదకొండింటికి ఫోను చేసింది. "నాన్నా, పడుకున్నావా?" అన్నది. పడుకున్నవాడు ఫోను ఎలా ఎత్తుతాడని అడగలేదు. ఒక నాజిల్ హద్దు దాటిందట, నూటికి పద్దెనిమిది పాళ్ళు. మూల ఎరుపు సంగతి కాదు, విడదీసి చూశాకనే. పొద్దున్నకు రిపోర్టు ఇవ్వాలి. పైవాడు, "గొట్టం అవతలి చివర బిగింపు కాస్త వదులుగా వుందనుకుని మళ్ళీ చెయ్యి, దిగుతుంది" అన్నాడట. నిజంగానే దిగుతుంది. కాని ఆ బిగింపు వదులుగా లేదు, కాంక్రీటులో పాతి వుంది.

"ఆ నెలలోనే నా ప్రమోషను చూసేది నాన్నా" అన్నది.

అంకెలు చదవమన్నాను. పాత పుస్తకం అటకమీదినుంచి తీసి, అవే వంకర గీతల్లో వేలు పెట్టి, ఒంటిగంటదాకా లెక్క కట్టాను. దాదాపు అక్కడికే వచ్చింది. అదే చెప్పాను. చెయ్యమని గాని వద్దని గాని అనలేదు. తండ్రిని గనుక 'చెప్పినట్టు చేసెయ్యమ్మా' అనే మాట నోటిదాకా రాలేదంటే అబద్ధమవుతుంది.

మా ఆవిడ నిద్రకళ్ళతో లేచి వచ్చి, సంగతేమిటంది. చెప్పాను. ఫోను నా చేతిలోంచి తీసుకుని, "మాసిక లావు చెయ్యకూడదుటే?" అని అడిగింది. వేస్తే గోడ ఇంకా బిర్రుగా అయి గొట్టాన్ని ఇంకా ఎదిరిస్తుంది, అంచున ఇంకోచోట దాటుతోందమ్మా, చూశానన్నది అమ్మాయి. "అయితే మాసిక పని కాదు. జాకెట్టు చంకలో బిగిస్తే మాసిక వేస్తామా? కుట్టు విప్పి వదులు పెడతాం. ఆ గొట్టానికే ఎక్కడో కాస్త వదులు పెట్టమను" అన్నది.

అమ్మాయి నవ్వింది. నిజానికి అదే అందరికీ తెలిసిన ఉపాయం, గొట్టాన్ని తిన్నగా లాక్కుపోకుండా మధ్యలో ఒక చదరపు వంపు తిప్పితే పెరుగుదలంతా ఆ వంపు మింగుతుంది. తెలియక కాదు, గొట్టాల పటాలు అంతకుముందే ఖరారైపోయి, ఉక్కు కొనేసి, మళ్ళీ మార్చమని అడగవలసిన మనిషి ఎవరూ లేక.

తెల్లవారి ఉన్న అంకెలు ఉన్నట్టు రాసి, కింద వంపు పటం గీసి పంపిందట. రెండు వారాలు గొట్టాలవాళ్ళతో వాదోపవాదాలు. చివరికి నాలుగు మోచేతులు వేసి వంపు తిప్పారు. నాజిల్ హద్దులో పడింది. ఆ రిపోర్టు రెండో ప్రతిమీద సంతకం మాత్రం మరొకరిది, దీన్ని వేరే పనికి మార్చారు. ప్రమోషను ఆ ఏడు రాలేదు. ఆ తరవాతి ఏడు వచ్చింది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇదంతా గారెలు తింటూ చెప్పిందిగాని, ఫోనులో చెప్పలేదు.

ఇప్పుడు దాని దగ్గర ముప్ఫై నాలుగు నాజిల్స్ వున్న పెద్ద టవరు ఒకటి వుంది. మొన్న అడిగితే ఇరవై ఏడు అయ్యాయన్నది.